బయటినుంచి మూయలేని మూత

రీసర్గామ్ అనేది లాటిన్ మాట. తిరిగి లేస్తాను అని దాని అర్థం. పునరుత్థాన నిరీక్షణతో కన్నుమూసిన విశ్వాసుల సమాధి రాళ్లమీద ఈ మాట చెక్కించడం ఐరోపా సంఘాల్లో పాత అలవాటు. 1879లో ఇంగ్లండులో ఇరవై ఏడేళ్ల దైవసేవకుడు ఒకరు ఆ మాటను సమాధికి కాక, తాను కట్టించిన జలాంతర్గామికి పెట్టారు. మునిగినా మళ్లీ పైకి లేచే పడవ కదా అని ఆయన ఉద్దేశం. నీటిలో దించి మూడు నెలలు నిండేలోపే ఆ పడవ మునిగింది. ఇప్పటికీ లేవలేదు. దాన్ని ముంచింది శత్రువు గుండు కాదు, సముద్రపు లోతు ఒత్తిడీ కాదు. బయటినుంచి బిగించడానికి వీలు లేకుండా చేసిన ఒక మూత దాన్ని ముంచింది.

ఆయన పేరు రెవరెండ్ జార్జ్ విలియం గారెట్.

మూసీ ఒడ్డున, చార్మినారు చుట్టుపక్కల ఆరాధించే మనకు సముద్రపు లోతుల కథ దేనికని కొందరు అడగవచ్చు. పాతబస్తీ దాటి కొంచెం దక్షిణంగా పోతే కంచన్‌బాగ్ వస్తుంది. అక్కడి మిధాని కర్మాగారంలో రక్షణ, అంతరిక్ష రంగాలకు కావలసిన ప్రత్యేక ఉక్కు, టైటానియం తయారవుతున్నాయి. పక్కనే రక్షణ పరిశోధన ప్రయోగశాలలున్నాయి. ఆదివారం మన మధ్య కూర్చుని పాటలు పాడి, సోమవారం అక్కడ షిఫ్టుకు వెళ్లే సహోదరులు మనకు కొత్తవారు కాదు. లోహం ఎంత గట్టిదైనా దానిలో రంధ్రం చేసిన చోట ఏం జరుగుతుందో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. ఇక వేసవి సెలవుల్లో విశాఖ వెళ్లిన వారు ఆర్కే బీచిలో కుర్సురాను చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసి, ఆ తరువాత ఒడ్డుకెక్కి మ్యూజియంగా మారిన 91 మీటర్ల జలాంతర్గామి అది. అందులో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి తలుపులోంచి నడుం వంచి దూరాలి. పిల్లలు ఆ తలుపుల్ని చూసి నవ్వుతారు. ఆ తలుపులు అలా ఉండటానికి వెనక గారెట్ వంటి వారి పడవలు చాలా మునిగాయి.

గారెట్ 1852 జూలైలో లండన్‌లో పుట్టారు. తండ్రి జాన్ గారెట్ ఆంగ్లికన్ గురువు. తరువాతి రోజుల్లో మాంచెస్టర్‌లోని మాస్ సైడ్ క్రైస్ట్ చర్చికి వికారుగా ఉన్నారు. కొడుక్కి చిన్నప్పటినుంచి రసాయనాలూ యంత్రాలూ అంటే మక్కువ. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో విజ్ఞానశాస్త్రం చదివి పట్టా తెచ్చుకున్నారు. 1877లో డీకనుగా అభిషేకం పొంది, తండ్రి సంఘంలోనే సహాయ గురువుగా పరిచర్య మొదలుపెట్టారు. వికారు ఇంట్లో పుట్టినవాడు వికారు అయ్యాడని ఊరంతా అనుకునేలోగానే మనసు నీటి కిందికి పోయింది.

అప్పుడు రష్యాకూ టర్కీకీ యుద్ధం జరుగుతోంది. రేవుల్ని కాపాడటానికి నీటిలో కట్టిన అడ్డంకుల గురించి ఆయన విని, వాటి కిందుగా దూరిపోయే పడవ ఉంటే ఎలా ఉంటుందని ఆలోచించారంటారు. పీఠం ఎక్కి సమాధాన సువార్త చెప్పే మనిషి ఓడల్ని ముంచే యంత్రం మీద మనసు పెట్టడం మనలో చాలామందికి మింగుడు పడదు. నాకూ పడలేదు. కానీ ఆయన మొదటి ఆవిష్కరణ ప్రాణం తీసేది కాదు, నిలిపేది. విడిచిన ఊపిరిలోని చెడుగాలిని రసాయనంతో పీల్చివేసి, మనిషిని మూసిన చోట కూడా బతికించే పరికరం అది. దానికి న్యుమాటోఫోర్ అని పేరు పెట్టి, ముందుగా తన మీదనే ప్రయోగించి చూసుకున్నారు. ఆ తరువాత జలాంతర్గామికి పేటెంటు తీసుకుని, 1878లో ఒక కంపెనీ కూడా పెట్టారు.

మొదటి పడవ చాలా చిన్నది. 14 అడుగుల పొడవు, గుడ్డు ఆకారం. జనం దాన్ని గుడ్డు అనే పిలిచారు. లోపల ఒకే మనిషి. చేత్తో తిప్పితే వెనక రెక్క తిరుగుతుంది. ఇందులో విచిత్రమైనవి రెండు రంధ్రాలు. పైన తల పెట్టుకునే బురుజుకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి ఉన్న ఆ రంధ్రాలకు జిడ్డు పట్టించిన తోలు చేతి తొడుగులు కుట్టారు. లోపలి మనిషి వాటిలో చేతులు పెట్టి, బయటి నీటిలో పని చేయవచ్చు. శత్రువు ఓడ అడుగున మందుగుండు తగిలించడానికి ఆ ఏర్పాటు.

ఇక్కడ కాస్త ఆగాలి. జలాంతర్గామి కట్టడంలో అసలు కష్టం ఎక్కడుందో ఆ తోలు తొడుగుల్లో ఉంది. రంధ్రం లేని ఉక్కు గోళాన్ని చేయడం అంత కష్టం కాదు. అలాంటి గోళం చాలా లోతు దాకా ఓర్చుకుంటుంది. కానీ అందులోకి మనిషి వెళ్లాలి, కాబట్టి మూత కావాలి. బయటికి చూడాలి, కాబట్టి అద్దం కావాలి. పడవ కదలాలి, కాబట్టి లోపలి యంత్రాన్ని బయటి రెక్కకు కలిపే ఇరుసు గోడలోంచి పోవాలి. చుక్కానిని తిప్పే కడ్డీ పోవాలి, నీళ్లు తోడే గొట్టం పోవాలి. ప్రతి అవసరానికీ గోడలో ఒక రంధ్రం. ప్రతి రంధ్రానికీ ఒక సీలు. నీటిలో దిగేకొద్దీ ప్రతి పది మీటర్లకూ చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు అదనంగా పడుతుంది. రెండడుగుల వెడల్పున్న గుండ్రటి మూత మీద 18 మీటర్ల లోతులో అయిదు టన్నుల భారం ఉంటుంది. వంద చోట్ల గట్టిగా ఉండి ఒక్క చోట వదులైతే నీరు ఆ ఒక్క చోటునే వెతుక్కుంటుంది.

మన ఇళ్లలో ఈ సంగతి తెలియనిది కాదు. కుక్కర్ మూత కింద గాస్కెట్ ఎండి బిగుసుకుపోతే ఆవిరి పక్కనుంచి పోతుంది. బోరింగు పంపులో తోలు వాషరు అరిగితే ఎంత కొట్టినా నీళ్లు రావు. మోటారు ఇరుసు చుట్టూ జిడ్డు తాడు చుట్టి, గ్లాండ్ నట్టుతో నొక్కి బిగించడం మన మెకానిక్కులకు నిత్యం ఉండే పని. నట్టు మరీ బిగిస్తే ఇరుసు తిరగదు, వేడెక్కుతుంది. వదిలేస్తే కారుతుంది. గారెట్ కాలంలో ఉన్నవి కూడా ఇవే: తోలు, జనపనార, కొవ్వు, మనిషి చేతి అంచనా. తేడా ఒక్కటే. మన పంపు కారితే నేల తడుస్తుంది.

గుడ్డు పనిచేసిందన్న ధైర్యంతో గారెట్ పెద్ద పడవకు పూనుకున్నారు. లివర్‌పూల్ ఎదుటి ఒడ్డున బర్కెన్‌హెడ్ అనే ఊరుంది. అక్కడి కాక్రన్ కంపెనీ ఆయన గీతల ప్రకారం దాన్ని కట్టింది. 45 అడుగుల పొడవు, దాదాపు 30 టన్నుల బరువు, రెండు కొసలూ మొనదేలిన ఉక్కు గుల్ల, మధ్యలో దానిమీద చెక్క తొడుగు. 45 మీటర్ల లోతు దాకా ఓర్చుకునేలా లెక్క వేశారు. 1879 నవంబరు 26న క్రేనుతో ఎత్తి నీటిలో దించారు. రీసర్గామ్ అని పేరు పెట్టింది దీనికే.

నడిచేది ఆవిరితో. నీటి కింద పొయ్యి మండదు కాబట్టి గారెట్ ఒక ఉపాయం వాడారు. పైన ఉన్నప్పుడే బాయిలరులో నీటిని ఒత్తిడిలో బాగా కాచి, మునిగే ముందు పొయ్యి తలుపు బిగించి, పొగగొట్టం మూసివేసి, దాచుకున్న వేడితోనే కొన్ని గంటలు నడపడం. మంట ఆపాక కూడా కుక్కరు కాసేపు ఈల వేస్తుందే, అలాంటిదే. దాంతో గోడలో రంధ్రాలు ఇంకా పెరిగాయి. పొగగొట్టానికొకటి, ఇరుసుకొకటి, పడవను కిందికి వంచే పక్క రెక్కలకు రెండు, చుక్కానికొకటి, నీటి గొట్టాలకు మరికొన్ని. వీటన్నిటినీ ఆయన శ్రద్ధగా చూసుకున్నట్టే ఉంది. ఎందుకంటే పడవ మునిగినప్పుడు మోసం చేసింది వీటిలో ఏదీ కాదు.

డిసెంబరు 10 రాత్రి రీసర్గామ్ బర్కెన్‌హెడ్ వదిలింది. పోర్ట్స్‌మత్ రేవులో నౌకాదళం వారికి చూపించాలి. లోపల ముగ్గురు: గారెట్, ఒక కెప్టెను, ఒక ఇంజనీరు. చలికాలపు సముద్రం, మంచు. లోపల మాత్రం బాయిలరు పక్కన నిలబడలేనంత వేడి. దాదాపు ఒకటిన్నర రోజు అలా గడిపి, వేల్స్ తీరంలోని రిల్ అనే చిన్న ఊరికి చేరారు. కొన్ని మరమ్మతులు అవసరమని తేలింది. అక్కడే రెండు నెలలు పైగా గడిచిపోయాయి. పడవను తన బలంతో అంత దూరం నడపడం కష్టమని తెలిసి, గారెట్ ఎల్ఫిన్ అనే ఆవిరి పడవను కొన్నారు. దానికి తాడు కట్టి లాగించుకుపోదామనుకున్నారు.

1880 ఫిబ్రవరి 24 రాత్రి రెండు పడవలూ బయలుదేరాయి. గాలి రేగింది. తెల్లవారేసరికి ఎల్ఫిన్ ఇంజనులో ఇబ్బంది వచ్చింది. సాయం చేయడానికి రీసర్గామ్‌లోని ముగ్గురూ చిన్న పడవలో ఎల్ఫిన్ మీదికి వెళ్లారు. బయటికి వచ్చాక వెనక మూత బిగించాలి కదా. ఆ మూత లోపలినుంచి మాత్రమే బిగుస్తుంది. బయట గడియ లేదు. లోపల ఎవరూ లేరు. అలలు ఆ పొట్టి బురుజు మీదుగా ఎక్కుతూ నీటిని లోపలికి వంచాయి. పడవ బరువెక్కి, 25వ తేదీ ఉదయం పది గంటల ప్రాంతంలో లాగే తాడు తెగింది. ముగ్గురూ చూస్తుండగానే పోయింది. ఒక్క ప్రాణం కూడా పోకపోవడం దేవుని కృప అనే చెప్పుకోవాలి. ఆ తరువాత ఎల్ఫిన్ కూడా దక్కలేదు.

45 మీటర్ల లోతు ఒత్తిడికి లెక్క వేసిన మనిషి, మూడు అడుగుల అలకు లెక్క వేయలేదు. పడవలో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారని అనుకున్నారు. కట్టేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మునిగి ఉన్నప్పుడు మూత ఎలా ఉండాలో ఆలోచిస్తారు. నిజానికి లోతులో మూతకు అంత ప్రమాదం లేదు, ఎందుకంటే బయటి నీరే దాన్ని చట్రం మీదికి నొక్కి ఇంకా బిగిస్తుంది. దాని అసలు గండం నీటి పైన, మనుషులు ఎక్కి దిగే వేళ, తాడుతో లాగే వేళ, ఎవరూ లేని వేళ.

ఓడ కథల్లో మనకు బాగా తెలిసినది నోవహు ఓడ. దానికి లోపలా బయటా కీలు పూయమన్న ఆజ్ఞ ఆదికాండములో ఉంది. అందరూ ఎక్కాక తలుపు మూసింది నోవహు కాదు, దేవుడే. ఆ వచనాల్ని మనం రక్షణ గురించి చదువుతాం, అలాగే చదవాలి. అయితే ఓడలు కట్టేవాడు చదివితే ఇంకో సంగతి కూడా కంటబడుతుంది: కీలు ఒక్క పక్కనే పూయలేదు. తలుపు బాధ్యత ఎవరిదన్న సంగతి కూడా వాన మొదలయ్యాక తేల్చుకునేది కాదు.

రీసర్గామ్ ఒక్కదానికే ఈ గతి పట్టలేదు. అంతకు ముందు 1863లో అమెరికా అంతర్యుద్ధంలో హన్లీ అనే చేతితో తిప్పే జలాంతర్గామి, మూతలు తెరిచి ఉండగానే నీటిలోకి వంగి, అయిదుగురిని తీసుకుపోయింది. 1904లో బ్రిటిష్ జలాంతర్గామి ఏ1ను ఒక ప్రయాణికుల ఓడ గుద్దింది. బురుజు దెబ్బతిని నీరు సూటిగా లోపలికి వచ్చి, లోపలివారంతా చనిపోయారు. ఆ తరువాతే బురుజు అడుగున రెండో మూత పెట్టడం మొదలైంది. కుర్సురాలో పిల్లలు చూసి నవ్వే తలుపుల వంశం అది.

అన్నిటికంటే బాధ పెట్టేది 1939 నాటిది. గారెట్ పడవ పుట్టిన బర్కెన్‌హెడ్‌లోనే కట్టిన థెటిస్ అనే జలాంతర్గామి, అది మునిగిన లివర్‌పూల్ అఖాతంలోనే, జూన్ 1న పరీక్షా ప్రయాణంలో మునిగిపోయింది. టార్పెడో గొట్టానికి లోపల ఒక తలుపు, బయట ఒక మూత ఉంటాయి. లోపలి తలుపు తీసే ముందు గొట్టంలో నీరుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న కుళాయి పెట్టారు. కుళాయి తిప్పితే నీరు చిమ్మాలి. చిమ్మకపోతే గొట్టం ఖాళీ అన్నమాట. అయిదో గొట్టం కుళాయి రంధ్రానికి రంగు వేసినప్పుడు ఎనామిల్ అడ్డుపడిపోయింది. తిప్పితే నీరు రాలేదు. ఖాళీగా ఉందనుకుని తలుపు తీశారు. బయటి మూత తెరిచే ఉంది. 103 మందిలో 99 మంది ప్రాణాలు పోయాయి. తీరానికి దగ్గరలోనే, పడవ వెనక భాగం నీటిపైన కనబడుతూ ఉండగానే. రంగు వేసిన మనిషి చెడ్డవాడు కాదు, పని నీటుగా చేద్దామనే వేసి ఉంటాడు. ఆ రంధ్రం ఎందుకుందో మాత్రం అతనికెవరూ చెప్పినట్టు లేదు.

ఇప్పటికీ కొన్ని దేశాల్లో గారెట్ లాగే సొంత చేతులతో, సొంత షెడ్లలో చిన్న జలాంతర్గాములు కట్టుకునే వాళ్లున్నారు. వాళ్లకు తోలూ జనపనారా అక్కరలేదు. 1930ల్లో డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ అనే ముసలి మెకానిక్కు ఓ రింగు కనిపెట్టారు. గాడిలో కూర్చునే మామూలు రబ్బరు ఉంగరం. దాని గొప్ప ఏమిటంటే, నీరు ఎంత తోస్తే అది సందులోకి అంత గట్టిగా ఒదిగి మూస్తుంది. అయినా గాడిలో ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు పడితే చాలు. అందుకని తెలిసినవాళ్లు రంధ్రాలు వీలైనన్ని తగ్గిస్తారు, ఒక్కోదానికి రెండేసి ఉంగరాలు పెడతారు, కూర్చోబెట్టే ముందు గాడిని గుడ్డతో తుడిచి వేలితో తడిమి చూస్తారు. మనిషి లేకుండా తాడు కట్టి, తాము దిగదలచిన దానికంటే ఎక్కువ లోతుకు దించి పైకి లాగి చూస్తారు. ఆ పరీక్ష చేయకుండా మనిషిని కూర్చోబెట్టడం ధైర్యం అనిపించుకోదు.

పడవ పోయాక గారెట్ కుంగిపోయి కూర్చోలేదు. థార్‌స్టెన్ నార్డెన్‌ఫెల్ట్ అనే స్వీడను తుపాకుల వ్యాపారితో కలిశారు. డబ్బు ఆయనది, ఆలోచన ఈయనది. స్టాక్‌హోమ్‌లో కట్టిన మొదటి పడవను 1885లో చాలా దేశాల ప్రతినిధులకు చూపించి, తరువాత గ్రీసుకు అమ్మారు. గ్రీసు కొన్నదని టర్కీ రెండు కొన్నది. వాటిని ఇంగ్లండులో ముక్కలుగా చేసి ఇస్తాంబుల్‌కు పంపి అక్కడ కలిపారు. వాటిలో అబ్దుల్ హమీద్ అనేది నీటి కింద ఉండి టార్పెడో వదిలిన మొదటి జలాంతర్గామిగా చరిత్రకెక్కింది. ఒక ఆంగ్లికన్ గురువుకు ఒట్టోమన్ నౌకాదళంలో గౌరవ కమాండరు హోదా దొరికింది. అయితే లోపల నీళ్లు అటూ ఇటూ ఊగి పడవ నిలకడగా ఉండేది కాదు. టార్పెడో పోగానే ముందు భాగం తేలికై పైకి లేచి, వెనక భాగం కిందికి దిగేది. రష్యా కోసం కట్టిన నాలుగో పడవ 1888లో దారిలో జట్లాండ్ తీరాన ఇసుకలో కూరుకుపోయింది. రష్యా డబ్బివ్వనన్నది. అక్కడితో జలాంతర్గాములతో ఆయన బంధం తెగిపోయింది.

తరువాతి సంగతులు తొందరగా చెప్పుకోవచ్చు. కుటుంబంతో అమెరికా వెళ్లి ఫ్లోరిడాలో వ్యవసాయం చేశారు. కలిసిరాలేదు. 1898లో స్పెయినుతో యుద్ధం వస్తే అమెరికా సైన్యపు ఇంజనీరు దళంలో కార్పొరల్‌గా చేరారు. ఒకప్పుడు సుల్తాను కొలువులో కమాండరు. చివరికి ఊపిరితిత్తుల జబ్బుతో, చేతిలో పైసా లేక, 1902 ఫిబ్రవరి 26న న్యూయార్కులో కన్నుమూశారు. వయసు 49. రీసర్గామ్ మునిగి ముందు రోజుకు సరిగ్గా ఇరవై రెండేళ్లు. క్వీన్స్‌లోని మౌంట్ ఆలివెట్ శ్మశానంలో ఆయన్ను ఉంచారు. మన భాషలో అది ఒలీవల కొండ.

1995లో రిల్ ఎదుట సముద్రంలో ఒక చేపల వల దేనికో చిక్కుకుంది. వల విడిపించడానికి దిగిన డైవరుకు దాదాపు 18 మీటర్ల లోతులో, ఒక పక్కకు ఒరిగిన ఉక్కు గుల్ల కనబడింది. మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని చట్టం కింద రక్షిత శిథిలంగా ప్రకటించింది. పైకి తీయలేదు. బర్కెన్‌హెడ్‌లో ఫెర్రీ ఎక్కే వుడ్‌సైడ్ రేవు దగ్గర అదే కొలతలతో చేసిన నమూనా ఒకటి ఉంది. పడవ ఎక్కడానికి వచ్చిన జనం దాని పక్కనుంచే నడిచి పోతుంటారు.